అక్క చదివిన ముగింపు

తెల్లదారం కొసని నాలిక మీద తడిపి, గోటితో నొక్కి సన్నం చేసి, సూది బెజ్జంలోకి ఎక్కించాను. పక్కనున్న గుడ్డ దిండు మీద అప్పటికే దారాలెక్కించిన సూదులు వరసగా గుచ్చి ఉన్నాయి. పనికి బయల్దేరే ముందు ఇద్దరి సూదులూ నేనే సిద్ధం చేస్తాను. కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుందని అక్కడే నేలమీద కూర్చుంటాను. స్టవ్ దగ్గర అక్క టీ వడపోస్తోంది. గిన్నె గ్లాసు అంచుకి తగిలి టకటకమంటోంది. ఆ చప్పుడు నాకు వినపడకూడదన్నట్టు గట్టిగా మాట్లాడుతోంది.

"ఏమే, ఇంకా ఎన్ని? హోటలు దుప్పట్లు కుట్టడానికా, ఊరందరికీ ఇంజెక్షన్లు పొడవడానికా?"

"నీవి కూడా ఉన్నాయి మరి."

"నావెందుకు? నిన్న ఎక్కించినవే అలా ఉన్నాయి," అని వెంటనే నాలిక్కరుచుకుంది. నేను విననట్టు ఇంకో సూది అందుకున్నాను.

అక్క నాకు తోబుట్టువు కాదు. నేను పనిలో చేరిన కొత్తలో, ఉండటానికి చోటు లేక హోటలు వెనక మెట్ల మీద సంచీ పెట్టుకుని కూర్చుంటే, "ఇక్కడ కూర్చుంటే కుక్కలు నీ పేరడుగుతాయి, పద," అని తన గదికి తీసుకొచ్చింది. నాలుగు రోజులుండి వేరే చోటు చూసుకుందామనుకున్నాను. ఆమెకీ ఎవరూ లేరు, నాకూ ఎవరూ లేరు. ఆ నాలుగు రోజులు ఇంకా అవలేదు.

మా పని ఆ పెద్ద హోటలు లాండ్రీలో. బాయిలర్ గదికి ఆనుకుని ఒక చిన్న గది ఉంది. దాన్ని అందరూ చిరుగుల గది అంటారు. ఉతికొచ్చిన దుప్పట్లలో, దిండు గలీబుల్లో, వెయిటర్ల కోట్లలో ఎక్కడ చిరిగినా, కుట్టు ఊడినా, గుండీ తెగినా మా దగ్గరికి వస్తాయి. ఇద్దరికీ చెరో బుట్ట. సాయంత్రానికి రెండు బుట్టలూ ఖాళీ కావాలి. అంతవరకే మా మీద ఆరా. ఎవరు ఏది కుట్టారో ఎవరూ అడగరు.

అడగకపోవడమే మా అదృష్టం. రెండు బుట్టలూ నేనే కుడుతున్నాను. అక్క పుస్తకం చదువుతుంది.

హోటల్లో దిగినవాళ్ళు గదుల్లో పుస్తకాలు మరిచిపోతారు. కొన్నాళ్ళు ఎవరూ రాకపోతే వాటిని లాండ్రీ బయట అలమరాలో పడేస్తారు. మొదట్లో అక్క అందులోంచి ఒకటి తెచ్చి, మధ్యాహ్నం అన్నాలయ్యాక నవ్వు కోసం నాలుగు ముక్కలు చదివింది. బడిలో నేను నేర్చుకున్నది అక్షరాలు కూడబలుక్కునే చదువు. ఒక వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోతాను. ఆమె చదివితే మాత్రం ఆ మనుషులు వచ్చి మా మధ్య కూర్చున్నట్టుండేది. "నువ్వు చదువక్కా, నీ బుట్ట నేను చూస్తాలే," అన్నాను.

అప్పటికే ఆమె కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట చలి అంది. తర్వాత బాయిలర్ అదురుతోంది కదా, దాని వల్ల అంది. ఆ తర్వాత ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. చదివినందుకు కూలీ అని ఆమె అనుకునేలా నేను, కుట్టినందుకు కథ అని నేను అనుకునేలా ఆమె, ఒకరినొకరం మర్యాదగా మోసం చేసుకుంటూ వచ్చాం.

మా సూపర్‌వైజర్ నడుముకి తాళాల గుత్తి వేలాడుతుంటుంది. ఆమెని మేం తాళాలమ్మ అంటాం. గుత్తి గలగల వినపడగానే పుస్తకం దుప్పటి కిందికి పోతుంది, అక్క చేతిలోకి ఒక దిండు గలీబు వస్తుంది. గోడ అవతల ఇస్త్రీ చేసే బాబాయి కూడా మా వైపే. తాళాలమ్మ అటు నుంచి వస్తుంటే పెద్దగా దగ్గుతాడు. అతని బాధ వేరు.

"అమ్మాయ్, కాస్త గట్టిగా చదువు. ఈ ఆవిరి బుస్సుమంటుంటే వాడేమన్నాడో వినపడ్డం లేదు."

"బాబాయ్, నీ ఇస్త్రీ మాడుతోంది చూసుకో," అనేది అక్క.

"మాడితే మీ బుట్టలోకే వస్తుందిగా. ముందు కథ చెప్పు."

ఆ నెలలో చదువుతున్నది ఒక పాత అమెరికా నవల. ఎవరో మన భాషలోకి మార్చారు. అట్ట లేదు, మొదటి నాలుగు కాగితాలూ లేవు. ఒక పెద్ద నది ఒడ్డున కలప కోసే మిల్లు. అందులో పనిచేసే ఇద్దరు మనుషులు. వాళ్ళ పేర్లు నోరు తిరగక మేం పొడుగాయన, పొట్టాయన అని పెట్టుకున్నాం. మిల్లులో కూలీలంతా ఒకే పొడుగాటి షెడ్డులో పడుకుంటారు. ఎక్కడెక్కడి నుంచో వస్తారు, ఒక కాలం చేస్తారు, పోతారు. పక్క మంచం మీద పడుకున్నవాడి ఊరేదో ఎవరూ అడగరు. ఆ ఇద్దరు మాత్రం మాట్లాడుకుంటారు.

"అంత పెద్ద దేశంలో మాట్లాడుకోడానికి ఒక్క మనిషి దొరకడం అంత కష్టమా?" అన్నాను ఒకరోజు.

"దేశం పెద్దదైతే మనుషులు దూరదూరంగా ఉంటారేమోలే."

"మన వీధి చిన్నదే. మనకి ఎవరు దగ్గరున్నారు?"

అక్క కళ్ళజోడు పైనుంచి నా వంక చూసి, "కుట్టు చూసుకో, వంకర పోతోంది," అంది.

ఆ ఇద్దరికీ ఒక కోరిక. సొంతంగా ఒక పడవ ఉండాలి, మనుషుల్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి దాటిస్తూ బతకాలి. పడవ ఎక్కడుందో తెలీదు గానీ దానికి వెయ్యాల్సిన రంగు దగ్గర వారానికోసారి పోట్లాట. ఒకాయన ఆకుపచ్చ అంటాడు, ఇంకొకాయన నీలం అంటాడు. ఒకసారి కోపాలొచ్చి పూటంతా మాట్లాడుకోలేదు.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం," అన్నాడు బాబాయి గోడ అవతలి నుంచి. "సరే గానీ, వీళ్ళలో పెళ్ళెవరికి?"

"ఇందులో పెళ్ళి లేదు బాబాయ్."

"పెళ్ళి లేకుండా ఇన్ని పేజీలెందుకు రాశాడు?"

"పెళ్ళయితే రాసుకోడానికి తీరికెక్కడిది?" అంది అక్క. అవతల ఇస్త్రీపెట్టె కాసేపు ఆగింది. బాబాయి నవ్వితే పని చెయ్యలేడు.

సోమలింగం మా ఇంట్లోనూ ఉన్నాడు. మాకో కొట్టు కావాలి. చిరిగినవి కుట్టడం, పొడుగైనవి కురచ చెయ్యడం, కురచైనవి వదులు చెయ్యడం. రోడ్డు వైపు కిటికీ, వచ్చినవాళ్ళు కూర్చోడానికి బల్ల. బల్ల లోపల ఉండాలని నేను, బయట అరుగు మీదుంటే పోయేవాళ్ళు కూడా కూర్చుంటారని అక్క. రాత్రి పూట అన్నాలు తింటూ ఆ బల్లని ఎన్నిసార్లు లోపలికీ బయటికీ మోశామో. మొదట్లో ఆ మాటలు ఎత్తింది అక్కే. ఈమధ్య ఎత్తడం మానేసింది. నేనెత్తితే వింటుంది.

అలాంటప్పుడు నిజంగానే ఒక కొట్టు మా ముందుకొచ్చింది. మార్కెట్టు సందులో టైలర్ తాతయ్య ఉన్నాడు. మేం దారాలు అతని దగ్గరే కొంటాం. చూపు తగ్గి, కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. నన్ను పిలిచి, "మిషన్లు రెండూ ఉంచేస్తా. అద్దెకి నేను మాట సాయం చేస్తా. నీ చేతి కుట్టు చూశాను, తెలిసినవాళ్ళకి ఇస్తే నాకూ తృప్తి. ఆదివారం లోపల చెప్పమ్మా. చెప్పుల కొట్టతను అడుగుతున్నాడు," అన్నాడు.

ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చి అక్కకి చెప్పాను. ఆమె చేతిలో గ్లాసు ఉంది. జాగ్రత్తగా రెండు చేతులతో కింద పెట్టింది.

"చూద్దాంలే," అంది.

అక్క 'చూద్దాం' అంటే బావిలో వేసిన రాయి. చప్పుడు మనమే వినాలి, అది మళ్ళీ పైకి రాదు. మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ రాయి వేసింది. చివరికి విసుగొచ్చి, "సరే, మన పొట్టాయనా పొడుగాయనా ఏం చేస్తారో చూద్దాం. వాళ్ళు వెళ్తే నేనూ తాతయ్యకి సరేనంటా," అన్నాను. సగం వేళాకోళమే. మిగతా సగం నాకే తెలీదు. అక్క నవ్వలేదు.

కథ కూడా అప్పటికి ఒక కొసకొచ్చింది. ముసలి పడవవాడొకడు తన పడవ ఇస్తానన్నాడు. పొట్టాయన మూట కట్టుకున్నాడు. పొడుగాయనకి మిల్లులో రంపం దగ్గర చేతికి దెబ్బ తగిలి ఉంది. నువ్వు ముందు పో, నేను వెనకాల వస్తానంటున్నాడు. అక్కడ పేజీకి గుర్తు పెట్టి అక్క పుస్తకాన్ని ఇంటికి తీసుకొచ్చింది. ఎప్పుడూ తేదు. మర్నాడు తను సెలవు పెట్టింది. నేను పని నుంచి వచ్చేసరికి పుస్తకం మంచం మీద మూసి ఉంది. అక్క కిటికీ దగ్గర ఊరికే కూర్చుని ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం ముగింపు చదివింది.

నాకో అలవాటుంది. అక్క పేజీ తిప్పినప్పుడు కాగితం చప్పుడవుతుంది కదా, ఆ చప్పుడుకి నా కుట్టు ఎక్కడో ఒకచోట ఆగుతుంది. దారం తెంపడమో, బట్ట తిప్పుకోవడమో చేస్తాను. నేనుగా పెట్టుకున్న నియమం కాదు. పక్కన నడిచేవాళ్ళతో అడుగు కలిసినట్టు అదే కలిసిపోయింది. ఆరోజు ఒక దుప్పటి అంచు పొడుగునా ఊడింది. కుడుతూ పోతున్నాను. పొట్టాయన పడవెక్కాడు. తెడ్డు వేశాడు. పొడుగాయన ఒడ్డున నిలబడ్డాడు. పడవ మలుపు దాకా పోయింది. నా దారం అయిపోయింది. ఇంకో సూది తీసుకున్నాను. మలుపు దగ్గర పొట్టాయన తెడ్డు ఆపి ఆలోచించాడు. దుప్పటి ఒక అంచు అయిపోయి రెండో అంచుకి తిరిగాను. పొట్టాయన పడవని వెనక్కి తిప్పాడు.

"ఒడ్డుకొచ్చి, 'నువ్వు లేకుండా నాకెందుకీ పడవ? సర్లే పద, అన్నం చల్లారిపోతుంది,' అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. మర్నాడు ఎప్పట్లాగే మిల్లుకెళ్ళారు." అక్క పుస్తకం మూసింది.

"శభాష్!" అన్నాడు బాబాయి అవతలి నుంచి. "అదీ మనిషంటే! స్నేహితుణ్ణొదిలేసి పడవేంటి, పడవ!"

"అంతేనా?" అన్నాను.

"అంతే."

దుప్పటి చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికి వచ్చాను. ఒక్కసారి కూడా కాగితం చప్పుడు కాలేదు.

పైగా ఆ నవల రాసినాయన వాక్యాలు పొడుగ్గా, ఎక్కడెక్కడో తిరిగి ఇంటికొచ్చే రకం. 'సర్లే పద' అనేది మా ఇంట్లో మాట. నేనేమీ అనలేదు. బాబాయి వింటున్నాడని కాదు. అక్క ముఖం చూశాను. పరీక్ష రాసొచ్చిన పిల్లలా నా వైపు చూస్తోంది.

శనివారమంతా ఆ పుస్తకం ఆమె సంచీలోనే ఉంది. అలమరాలో పెట్టలేదు. నేను తీసి, అక్షరం అక్షరం పట్టుకుని చదువుకోవచ్చు. ఒక పూట పడుతుంది, అంతే. కానీ దొంగతనంగా తెలుసుకుంటే అది ఇద్దరి మధ్యా గోడలా ఉండిపోతుందనిపించింది. ఆమె నోటితోనే వినాలి.

ఆదివారం పొద్దున్న, తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటున్న అక్క ముందు పుస్తకం పెట్టాను.

"చివరిది ఇంకోసారి చదువక్కా."

"విన్నావుగా."

"కుట్టు ధ్యాసలో సరిగ్గా వినలేదు."

"వచ్చేశాడు, అయిపోయింది. మళ్ళీ చదివితే మళ్ళీ వస్తాడు."

"పేజీ తిప్పలేదక్కా నువ్వు."

"తిప్పాను."

"దుప్పటి మొత్తం కుట్టాను. తిప్పలేదు."

అక్క తువ్వాలు భుజం మీద వేసుకుంది. కాసేపు తడి జుట్టు కొసల్నే చూసుకుంది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం తెరిచింది. కాగితం వణికింది. ఈసారి దాచలేదు.

అసలు నవల్లో పడవ వెనక్కి రాలేదు. మలుపు దగ్గర పొట్టాయన తెడ్డు ఆపింది నిజమే, ఒకసారి వెనక్కి తిరిగి చెయ్యెత్తాడు. పొడుగాయన చెయ్యెత్తలేదు. ఎత్తితే రమ్మన్నాడనుకుంటాడేమోనని, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. పడవ మలుపు తిరిగిపోయింది. మిగతాదంతా పొడుగాయన గురించే. అతను షెడ్డుకి తిరిగొచ్చాడు. పక్క మంచం మీదికి కొత్తగా ఎవరో వచ్చారు. ఊరేదని అడుగుదామనుకున్నాడు. అడగలేదు. కొన్నేళ్ళకి పై ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఒక పడవ గురించి చెప్పారు, ఆకుపచ్చ రంగుదని. పొడుగాయన అడిగిన రంగు అది.

అక్క మూడుసార్లు పేజీ తిప్పింది. నా చేతిలో కుట్టు లేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని విన్నాను.

"ఎందుకు వెళ్ళలేదక్కా అతను? చెయ్యి నయమయ్యాకైనా పోవచ్చుగా?"

"రాయలేదు."

"రాయలేదా, నువ్వు చదవలేదా?"

"రాయలేదే, ఒట్టు. కావాలంటే కూడబలుక్కో."

"పోనీ నువ్వు చెప్పు. ఎందుకు వెళ్ళలేదు?"

అక్క పుస్తకం పక్కన పెట్టింది. కుడిచెయ్యి ఒళ్ళోంచి తీసి, మా ఇద్దరి మధ్యా చాప మీద పెట్టింది. ఇన్నాళ్ళలో మొదటిసారి. గాలికి ఆకు కదిలినట్టు కదులుతూనే ఉంది.

"ఇదుంది చూడు. దీన్నేసుకుని పడవెక్కితే, తెడ్డు వేసేదెవరు? ఒకడు వేస్తుంటే ఇంకొకడు చూస్తూ కూర్చోవాలి. ఎన్నాళ్ళు కూర్చుంటాడు?"

"నువ్వు కుట్టాలని ఎవరన్నారు? వచ్చినవాళ్ళ దగ్గర బట్టలు తీసుకో. మాట్లాడు. నాకు మనుషులతో మాట్లాడ్డం వచ్చా? 'రండి' అనడానికి కూడా నాకు గొంతు రాదు."

"ఆహా. నీ కొట్టుకి దిష్టిబొమ్మని నేను."

"అక్కా!"

"జాలి తిండి నాకొద్దే. చేతులున్నన్నాళ్ళూ చేసుకు తిన్నాను."

నాకు కోపం వచ్చింది. అంత కోపం నాకుందని నాకే తెలీదు. "మరి హోటల్లో? నీ బుట్ట ఇన్నాళ్ళూ నేను కుట్టింది జాలేనా?"

"అది వేరు."

"ఏం వేరు?"

"అక్కడ నేను చదువుతున్నాను."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. అక్క ముఖంలో మొండితనం లేదు, భయమే ఉంది. నేను వెళ్ళిపోతే ఆ బుట్ట మొదటి సాయంత్రమే నిండుగా మిగిలిపోతుంది. మర్నాడు తాళాలమ్మ వచ్చి అడుగుతుంది. ఆ తర్వాత ఈ గది, ఈ కిటికీ, ఎవరూ లేని ఆదివారాలు. ఇవన్నీ ఆమె ఎప్పటి నుంచో లెక్కేసుకుంటోంది. అందుకే పొట్టాయన్ని మలుపు దగ్గర నుంచి తిప్పేసింది. పాపం, అన్నం చల్లారిపోతుందని చెప్పి మరీ తిప్పింది.

"సర్లే," అన్నాను. "నేనూ వెళ్ళను. మధ్యాహ్నం పోయి తాతయ్యతో చెప్పేస్తా, చెప్పులాయనకే ఇచ్చుకోమని. నీ బుట్ట అక్కడున్నంతవరకూ నా బుట్టా అక్కడే."

ఆ మాట పౌరుషంతో అనలేదు. నిజంగానే అన్నాను. కొట్టు పోతే పోయింది. ఈ మనిషి ఇక్కడ ఒంటరిగా ఉంటే నేను ఆ కిటికీ పక్కన కూర్చుని ఎవరి బట్ట కుట్టినా చెయ్యి సాగదు. లేచి జుట్టు ముడేసుకున్నాను. స్టవ్ మీద అన్నానికి నీళ్ళు పెట్టాను. తాతయ్యకి ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటూ ఉన్నాను. రెండు మిషన్లనీ ఆయన నా కోసం నూనె వేసి తుడిచి పెట్టుంటాడు.

తను కోరుకున్నదే జరిగింది కాబట్టి అక్క ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాను. తిరిగి చూస్తే, నన్నే చూస్తోంది. ఎంతసేపటి నుంచో తెలీదు. దుకాణంలో బేరమాడి గెలిచి, ఇంటికొచ్చాక ఆ వస్తువు ఎందుకు కొన్నానా అని చూసే మనిషిలా ఉంది.

లేచి, దండెం మీద ఆరేసిన, హోటలు వాళ్ళిచ్చిన తన పని కోటు తీసింది. మంచం మీద పరిచి, అరచేత్తో ముడతలు సాపు చేసింది. గుండీలు పెట్టడం మొదలుపెట్టింది. సోమవారానికి కదా, ఇప్పుడెందుకనుకున్నాను. ఒక్కో గుండీ కాజా దగ్గరికొచ్చి జారిపోతోంది. మళ్ళీ పట్టుకుంటోంది. నేను రెండడుగులు ముందుకేశాను. ఆమె తలెత్తి చూసిన చూపుకి అక్కడే ఆగిపోయాను. చివరి గుండీ దాకా తనే పెట్టింది. కోటు చేతులు వెనక్కి మడిచి, నాలుగు మడతలు వేసి, పైన హోటల్లోని తన బీరువా తాళంచెవి పెట్టింది.

అప్పుడర్థమైంది. హోటల్లో పని మానేసేవాళ్ళు కోటు ఉతికి, గుండీలు పెట్టి, మడిచి, తాళంచెవితో సహా తాళాలమ్మ చేతిలో పెట్టాలి. అది మా అందరికీ తెలిసిన పద్ధతి. హోటలుకి ఆదివారం లేదు, తాళాలమ్మకీ లేదు. ఇక అక్క బుట్ట అక్కడ ఉండదు, నన్ను ఆపడానికి.

"అక్కా, అన్నం..." అన్నాను.

స్టవ్ మీద నీళ్ళు మరుగుతున్నాయి. ఆమె కోటుని గుండెకి ఆనించి పట్టుకుంది. అలా పట్టుకుంటే వణుకు తెలియడం లేదు. ఎడమకాలితో చెప్పు వెతుక్కుంది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం నిలబడి గదంతా ఒకసారి చూసింది, నన్ను కూడా. తలుపు దగ్గరగా వేసి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.